లయన్స్ పతనానికి పందేలు ఒక్కటే కారణమా?

సంపాదకుల వారికి,

నమస్కారం. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒకప్పుడు ఎదురులేని జట్టుగా వెలిగిన ఫుకుఒకా నగరపు నిషితెత్సు లయన్స్ గురించి రాసేవారు, దాని పతనాన్ని 1969-70 నాటి మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణంతో మొదలుపెట్టి దానితోనే ముగించేస్తుంటారు. అది సగం నిజమే. ఆ జట్టు అంతకు ఐదారేళ్ల ముందే లోలోపల అరిగిపోయింది.

రైల్వే కంపెనీ నడిపిన ఈ జట్టు, మేనేజర్ (ప్రధాన శిక్షకుడు) మిహారా ఒసాము సారథ్యంలో 1956 నుంచి వరుసగా మూడేళ్లు, రెండు లీగ్‌ల విజేతలు తలపడే జపాన్ సిరీస్‌లో టోక్యోకు చెందిన యోమియురి జెయింట్స్‌ను ఓడించింది. 1958లోనైతే మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయి, మిగిలిన నాలుగూ గెలిచింది. ఆ ఏడు మ్యాచ్‌లలో ఆరింటిలో పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) ఇనావో కజుహిసాయే బంతి విసిరారు. మొత్తం 47 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్)! నాలుగు విజయాలూ ఆయన ఖాతాలోనే పడ్డాయి. పైగా ఐదో మ్యాచ్‌ను పదో ఇన్నింగ్స్‌లో స్వయంగా హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టి గెలిపించారు. బెప్పులో తండ్రి చేపల పడవకు తెడ్డు వేసి గట్టిపడిన చేతులవి. దేవుణ్ణీ బుద్ధుణ్ణీ తలచుకుని, ఆ వెంటనే ఇనావోకు మొక్కిన అభిమానులను నేను తప్పుపట్టలేను.

కానీ ఆ నమ్మకమే ఆయన భుజాన్ని తినేసింది. నేడు జపాన్‌లో ఆట ఆరంభించే పిచర్‌ను సాధారణంగా వారానికి ఒకసారే దించుతారు; ఇనావోకు అలాంటి విశ్రాంతి ఎక్కడిది? 1961లో ఏకంగా 42 మ్యాచ్‌లు గెలిచిన ఆయన, 1964లో భుజం దెబ్బతిని ఒక్కటంటే ఒక్కటీ గెలవలేకపోయారు. మిహారా అప్పటికే వేరే జట్టుకు వెళ్లిపోయారు. 1963 నాటి లీగ్ టైటిలే నిషితెత్సు పేరున చివరిది.

ఆ తరువాత వచ్చింది కుంభకోణం. 23 ఏళ్లకే 103 విజయాలు సాధించిన ఇకెనాగా మసాకి, పాత సహచరుడి నుంచి పది లక్షల యెన్‌లు తీసుకున్నందుకు 1970లో శాశ్వత నిషేధానికి గురయ్యారు. మ్యాచ్‌ను మాత్రం అమ్ముకోలేదని ఆయన చెబుతూనే వచ్చారు. ఇనావో మేనేజర్‌గా ఉండగా జట్టు వరుసగా మూడేళ్లు అట్టడుగున నిలిచి, 1972లో చేతులు మారింది. 1979 సీజన్‌కల్లా సెయిబు కంపెనీ చేతికి వచ్చి టోక్యో సమీపంలోని తొకొరొజావాకు తరలిపోయింది. మళ్లీ సొంత జట్టు కోసం ఫుకుఒకా 1989 వరకు ఎదురుచూసింది.

ఇకెనాగాపై నిషేధం 2005లో తొలగించారు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్లు.

ఇట్లు,
మీ పాఠకుడు