కెమెరా కంటే ముందు కాగితం

ప్రియమైన నేస్తం,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల పిల్లల చేత కథ మీద వీడియో తీయించాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. కానీ ఒక్క మాట విను, మొదటి నాలుగు పీరియడ్లూ ఫోన్లు ముట్టుకోనివ్వకు. కెమెరా చేతికొచ్చిందంటే పిల్లలు పుస్తకం మూసేసి, కథ గుర్తున్నంత మేరకు నటించేస్తారు. మనకు కావలసింది వాళ్లు ఆ పేజీని పదిసార్లు తిరగేయడం. వీడియో దానికి సాకు మాత్రమే.

కథ మొత్తం ఇవ్వకు. ఒక పేజీ చాలు, మహా అయితే పేజీన్నర. ఇద్దరు ముగ్గురు పాత్రలు, ఒకటే చోటు, ఏదో విషయం పైకి చెప్పకుండా దాచిపెట్టిన ఘట్టం చూసుకో. నిండా సంభాషణలున్న భాగం సులువనిపిస్తుంది కానీ, దాన్ని పిల్లలు అప్పజెప్పేసి ఊరుకుంటారు. వీడియో మూడు నిమిషాలు మించకూడదని ముందే గట్టిగా చెప్పు. పది నిమిషాలిస్తే ఏది వదలాలో తేల్చుకునే పనే ఉండదు. ఆ తేల్చుకోవడంలోనే కదా చదువంతా ఉన్నది!

ఎలాగో చూడు. కథలో ఇలా ఉందనుకో: 'నాన్న ఉత్తరం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.' మొదటి వాక్యం ఎవరైనా తీస్తారు. రెండోదాని సంగతేమిటి? కెమెరాకి 'లేదు' అనడం రాదు. అమ్మ గదిలోకి రాగానే నాన్న చెయ్యి జేబు మీదకు పోవాలని ఒక అమ్మాయి అంటుంది. అసలు ఆ సమయానికి అమ్మ ఇంట్లో ఉన్నట్టు కథలో ఎక్కడుందని ఇంకొకడు అడ్డుపడతాడు. ఇద్దరూ పేజీ వెనక్కి తిప్పుతారు. ఆ వాదన తెగేదాకా నువ్వు కలగజేసుకోకు.

క్రియలు కూడా ఇలాగే పట్టిస్తాయి. 'ఆమె గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది' అంటే ఒక్క షాటు, అంటే కెమెరా ఆపకుండా తీసిన ఒక్క ముక్క, సరిపోతుంది. 'ఎదురుచూసేది' అంటే? అది రోజూ జరిగిన పని. అదే గుమ్మాన్ని, అదే కోణంలో, వేరే వేరే వెలుగులో, చీర మార్చి మూడుసార్లు చూపాలి. వ్యాకరణం పాఠంలో ఎంత చెప్పినా నిలవని తేడా ఇక్కడ ఇట్టే పట్టుబడుతుంది.

కవిత్వం తీసుకుంటే మాత్రం ఒక గొయ్యి ఉంది. పాదంలో నది అనగానే నది బొమ్మ, పక్షి అనగానే పక్షి బొమ్మ, వెనకాల పాట. అది కవిత మీద అతికించిన క్యాలెండరులా తయారవుతుంది. నెట్‌లోంచి దించిన బొమ్మలు వద్దని నియమం పెట్టు. కవి చెప్పిన వస్తువును కాకుండా, అది తెచ్చిన మనఃస్థితిని తమ చుట్టూ ఉన్నవాటిలో వెతకమను.

నలుగురేసి జట్టు చెయ్యి. ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు ఎడిటింగ్. నాలుగో మనిషి పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషి, ప్రతి షాటుకీ పాఠంలో ఆధారం అడిగే హక్కు ఆ ఒక్కరిదే. ఈ పని బాగా చదివేవాళ్లకే కట్టబెట్టకు, మార్చి మార్చి ఇవ్వు. షాట్ల పట్టికలో నాలుగు గడులు గీయించు: షాటు నంబరు, కథలోని వాక్యం, ఏం కనబడాలి, ఎందుకలా. మూడు నిమిషాలకి పదిహేను నుంచి ఇరవై షాట్లు వస్తాయి. నాలుగో గడి ఖాళీగా ఉన్న షాటును కొట్టేయించు.

ఎడిటింగ్ అంటే ఏమిటో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. 1920ల ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే ఫిల్మ్ ముక్కను, గిన్నెడు సూప్ పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి అతికించాడు. చూసినవాళ్లకు అదే ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం కనిపించాయంటారు. తరగతిలో ఒకరి ముఖం పది సెకన్లు తీసి, విరిగిన బొమ్మ పక్కన ఒకసారి, మూసిన తలుపు పక్కన ఒకసారి పెట్టించు. ఒక్క పీరియడ్ చాలు.

షూటింగ్‌లో దెబ్బతినేది బొమ్మ కాదు, శబ్దం. ఫోన్ మూడు నాలుగు గజాల దూరంలో ఉంటే గది మోతే వినిపిస్తుంది తప్ప మాట వినిపించదు. రెండో ఫోన్‌ను మాట్లాడేవాళ్లకు జానెడు దూరంలో, ఫ్రేములోకి రాకుండా పెట్టి, మాటలు విడిగా రికార్డు చేయించు. మొదట ఒక్కసారి చప్పట్లు కొడితే తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ కలపడం తేలిక. ఫ్యాన్ ఆపాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, లెన్స్ తుడవాలి, విమానం మోడ్‌లో పెట్టాలి. కిటికీ పాత్రల వెనక ఉంటే ముఖాలు నల్లబడతాయి, కెమెరా వెనకో పక్కనో ఉండాలి. ప్రతి షాటుకీ ముందు మూడు, తర్వాత మూడు సెకన్లు వదలకపోతే కత్తిరించడానికి చోటుండదు. 1080పీ నాణ్యతలో తీస్తే నిమిషం వీడియోకి ఫోన్‌లో సుమారు 60 నుంచి 130 ఎంబీ దాకా చోటు పడుతుంది. అంతకంటే ఎక్కువ నాణ్యత ఉన్న ఫోర్‌కే పెడితే సగం పనిలో ఫోన్ నిండిపోతుంది.

ముఖం చూపడానికి ఇష్టపడని పిల్లలుంటారు, ఇంట్లో ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. తల్లిదండ్రుల అనుమతి ముందే రాయించుకో. చేతులు, నీడలు, కాగితపు బొమ్మలు, గొంతు, వీటితో తీసినవి చాలాసార్లు నటించినవాటి కంటే కథకు దగ్గరగా వస్తాయి.

మార్కుల దగ్గర జాగ్రత్త. మంచి ఫోనున్న జట్టు గెలవకూడదు. 20 మార్కులైతే 8 పట్టికకు, 6 వీడియోలో కనబడే అర్థానికి, 4 వినబడే స్పష్టతకు, 2 మాత్రమే నగిషీకి వేస్తాను. ప్రదర్శన రోజున ఒకే ఘట్టం తీసిన రెండు జట్లవి వెంటవెంటనే వేయించు. ఒకరు ఉత్తరాన్ని దగ్గరగా చూపి, ఇంకొకరు అసలు చూపకుండా వదిలేసి ఉంటారు. ఎందుకని అడిగి, పుస్తకం తెరిపించు.

నువ్వు ఎంచుకున్న పేజీని ఫోటో తీసి పంపు. అందులో ఏ వాక్యం పిల్లలను ఆపుతుందో గుర్తు పెట్టి పంపిస్తాను.

ఉంటాను మరి,
నీ నేస్తం