ఆకుల బిస్కెట్ల సంగతి

శీనుగా,

ఫోన్‌లో “బిస్కెట్లలో ఆకులేంట్రా, పశువులకా?” అని పగలబడి నవ్వావుగా. మరి మీ బెంగళూరు అయ్యంగార్ బేకరీల ఖారా బిస్కెట్‌లో ఏముంటుందిరా? కరివేపాకు, పచ్చిమిర్చే కదా! కొనుక్కు తింటే రుచి, నేను చేస్తే మేతా?

మా డాబా మీద వామాకు కుండీ నిండా గుబురుగా పెరిగింది. బజ్జీలు తిని తిని ఇంట్లో అందరికీ మొహం మొత్తింది. అందుకే బిస్కెట్ల మీద పడ్డాను. (వాము గింజలిచ్చే మొక్క వేరనుకో, వాసన మాత్రం అదే.)

కొలతలు రాసుకో. మైదా 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి రెండు పెద్ద చెంచాలు, ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడర్, ముద్ద కావడానికి కాస్త పెరుగు. చపాతీ పిండిలా మర్దించావో, బిస్కెట్ గట్టిపడుతుంది. ఊరికే దగ్గరికి చేర్చి అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత వత్తి, కోసి, 170 డిగ్రీల్లో 15–18 నిమిషాలు. అంచులు ఎర్రబడగానే తీసెయ్. వేడి మీద మెత్తగానే ఉంటాయి, టెన్షన్ పడకు. చల్లారితేనే కరకరలాడతాయి.

అసలు పనంతా ఆకు దగ్గరేరా. వామాకు మందం, ఒంటి నిండా నీళ్ళే. సన్నగా తరిగి, గుడ్డలో వేసి గట్టిగా పిండాకే మైదాలో కలపాలి. ఆ తడి ఉంటే ఎంతసేపు కాల్చినా మధ్యలో మెత్తగా ఉండిపోతుంది. కరివేపాకుతో ఈ బాధ లేదు. కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద గలగలలాడేదాకా వేయించి నలిపెయ్యడమే. పుదీనా మాత్రం నాకు నచ్చలేదు. ఓవెన్ వేడికి నల్లబడి, ఆ చల్లదనమంతా పోతుంది. మా ఆవిడ ఒప్పుకోదు, పుదీనావే బాగున్నాయంటుంది. ఆవిడ డబ్బా వేరే.

చిన్నప్పుడు మైదా, చక్కెర, డాల్డా పట్టుకెళ్ళి ఇస్తే బేకరీలో కాల్చి ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? దారిలోనే సగం డబ్బా ఖాళీ చేసేవాళ్ళం. అవి తీపివి. ఇవి టీలోకి, అదీ అల్లం టీలోకి.

సంక్రాంతికి వస్తే వామాకు కొమ్మ తుంచి ఇస్తా. వేర్లు అక్కర్లేదు, మట్టిలో గుచ్చితే చిగురేస్తుంది. నీళ్ళు ఎక్కువ పొయ్యకు, కుళ్ళిపోతుంది. ఇంతకీ ఓవెన్ కొన్నావా లేదా, ముందు అది చెప్పు.

నీ,
రాంబాబు