పొదిలిలో దిగాల్సిన సారుకి

మా పాప పదో తరగతి సప్లిమెంటరీలో లెక్కలు పాసైంది. 54 మార్కులు. మధ్యాహ్నం నుంచి ఫోన్లో ఆ మార్కులు చూడటం, మూసేయడం, మళ్ళీ తెరవడం, ఇదే పని. రేపటి పెళ్ళికి ఇవ్వాల్సిన జాకెట్లు రెండు మిషన్ మీద సగంలో ఉన్నాయి. కుట్టబోతే దారం సూదిలోకి ఎక్కడంలేదు, కళ్ళు అట్టా ఉన్నాయి. పొద్దుపోయాక రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోవద్దు.

ఏప్రిల్లో వచ్చినవి 19. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలు ఒక్కటే పోయింది. వారంలోపే ఇంటికొచ్చిన వాళ్ళందరూ సంబంధాలు చెప్పడం మొదలుపెట్టారు. నాకూ అదే వయసులో చేశారు, దాని సంగతి నాకు తెలుసు. కనీసం ఏదో ఒక పనిలో పెడితే ఆ మాటలు ఆగుతాయని పాపని ఒంగోలు తీసుకెళ్ళా. బట్టల షాపులో అమ్మాయిలు కావాలన్నారు. అక్కడాయన "మీటరు 120 అయితే రెండుంపావు మీటర్లు ఎంత?" అని అడిగాడు. పాప నోరు తెరవలేదు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. "పదో తరగతి చదివించారా అమ్మా?" అని నన్నడిగాడు.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఏడుస్తోంది. నాకూ విసుగే. చీమకుర్తి దాటాక, గ్రానైట్ లారీల దుమ్ముకి కిటికీ వేస్తూ, "ఆ మాత్రం లెక్క రాకపోతే ఎట్టా బతుకుతావే" అనేశాను. బస్సులో, పదిమందిలో. అనకుండా ఉండాల్సింది.

ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగారు. యాభై దాటి ఉంటాయి. నన్నేమీ అనలేదు. పాపతో, "అమ్మాయ్, మీ అమ్మ టైలరా?" అన్నారు. నా మెడలో టేపు ఉండిపోయింది, పొద్దున్నుంచి అట్టాగే తిరిగా! పాప తలూపింది. "నువ్వూ సాయం చేస్తావా? అయితే పావు మీటరు గుడ్డ కావాలంటే ఎక్కడ కత్తిరిస్తావో చూపించు."

అది చున్నీ తీసి, ముక్కు దగ్గర్నుంచి చాచిన చేతి దాకా ఒక మీటరు పట్టింది. మధ్యకి మడిచింది. మళ్ళీ మడిచింది. ఆ మడత దగ్గర వేలు పెట్టింది.

"ఇప్పుడు ఆ 120ని కూడా అట్టాగే మడువు."

పాప ఆయన వంక చూసి, "అరవై," అంది. కాసేపాగి, "ముప్పై," అంది. ఇంకేం అడక్కుండానే, "రెండు మీటర్లకి 240, మొత్తం 270," అనేసింది.

"మరి లెక్కలు రావని ఎవరు చెప్పారు నీకు?"

నేను టేపు తీసి సంచిలో పెట్టుకున్నా. ఇంకేం చేయాలో తెలియక.

ఆయన వేరే మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. సర్వీసు పని ఏదో ఉండి ఒంగోలు వచ్చారట. సంచిలోంచి పలక తీశారు. నిజంగా పలకే, రాతి పలక, బలపంతో సహా. పాపని ఒక్కో మెట్టూ కిందికి అడుగుతూ వెళ్ళారు. పదో తరగతి లెక్క అడిగారు, రాలేదు. ఎనిమిదిది, రాలేదు. ఆరుది, తడబడింది. చివరికి, "నాలుగూ ఐదూ ఎక్కడ చదివావు తల్లీ?" అన్నారు. పాప నా మొహం చూసింది.

చదవలేదు సార్. ఆ రెండేళ్ళూ మేం హైదరాబాద్‌లో, బేల్దారి పనికి. కనిగిరి వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలో సగం తలుపులకి తాళాలే. అపార్ట్‌మెంటు సైటులో చిన్నోణ్ణి ఎత్తుకుని తిరిగింది నా కూతురు. వలసపోయే వాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయంటారు. అడిగితే ఈసారి ఇంకా తెరవలేదన్నారు. ఇంకో ఏడూ అదే మాట. తిరిగొచ్చాక వయసుని బట్టి నేరుగా ఆరులో కూర్చోబెట్టారు. భిన్నాలు నేర్పే రెండేళ్ళు జారిపోయాయని ఆ తర్వాత ఏ ఒక్కరూ చూడలేదు. టీచర్లని అనీ ఏం లాభం, అప్పట్లో చూసే తీరిక వాళ్ళకి ఎక్కడుండేది? అన్నం పెడితే ఫోటో, బాత్రూం కడిగితే ఫోటో, హాజరుకి ఇంకో యాప్. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి నేను మూడుసార్లు తిరిగితే రెండుసార్లు సర్వర్ లేదన్నారు. ఫెయిలయిన పిల్ల బడి గేటు దాకా రావడానికే ఎంత సిగ్గుపడుతుందో ఆ సర్వర్‌కేం తెలుసు.

సరే, అది వదిలేద్దాం. నేను చెప్పాల్సింది పొదిలి గురించి.

పొదిలి స్టాండులో బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు, కదిలింది. పాపా ఆయనా పలక మీదే ఉన్నారు. కొంత దూరం పోయాక కండక్టర్ వచ్చి, "సార్, మీ టికెట్ పొదిలికే కదా!" అన్నాడు. ఆయన తలెత్తకుండానే, "కనిగిరికి కొట్టయ్యా, లెక్క మధ్యలో ఉంది," అన్నారు. టికెట్ కొట్టించుకుని కనిగిరి దాకా వచ్చారు. ఇంకో గంట దారి. అక్కడ నా నంబరు రాసుకుని, రోడ్డు దాటి, పొదిలి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డారు. అప్పటికి రాత్రి ఎనిమిది. నాకు ఏడుపు ఆగలేదు. నా సొంత పిల్ల కోసం నేనెప్పుడైనా ఒక స్టాపు ముందుకి పోయానా అనిపించింది.

తర్వాత 23 రోజులు, సాయంత్రం ఏడింటికి వీడియో కాల్. వాళ్ళ బళ్ళో ఫెయిలయిన పిల్లలు నలుగురితో పాటు మా పాప ఐదోది. నేను పక్కన కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. ఆయన నోట "తప్పు" అనే మాట రాలేదు. "ఎందాకా కరెక్టో చూపించు" అనేవారు. ఆ కరెక్టయిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకునేవారు. మొదటి వారం పదో తరగతి పుస్తకం ముట్టనివ్వలేదు. పావు, అర, ముప్పావు, అంతే. నాకు లోపల టెన్షన్, పరీక్ష దగ్గరపడుతుంటే ఇదేంటని. రెండో వారం ప్రాబబిలిటీ తీసి, "ఇదీ భిన్నమే" అన్నారు. ట్రిగనామెట్రీ తీసి, "సైన్ 30 అంటే అర, నీకు తెలిసిందే" అన్నారు. ఆ పేరు వింటేనే వణికే పిల్ల ఫక్కున నవ్వింది.

పలకెందుకు సార్ ఈ రోజుల్లో అని ఒకరోజు అడిగా. వాళ్ళది మార్కాపురం, పలకలు కోసే కూలి కుటుంబమట. ఇంటి నిండా పలకలేగానీ అన్నీ షావుకారువి, పగిలిన ముక్కలే పిల్లలవి. "నోట్సులో తప్పు రాస్తే ఏడాదంతా కనపడుతుందమ్మా. పలక మీదైతే అరచెయ్యి చాలు. పిల్లలు ధైర్యంగా రాస్తారు," అన్నారు. ఇంత ఓపిక ఎక్కడిది అంటే మాత్రం గొప్పగా ఏం చెప్పలేదు. లెక్క తెలిసినప్పుడు పిల్లల భుజాలు కిందికి జారతాయట, అది చూడటం ఆయనకి అలవాటైపోయిందట. "మా ఇంట్లో తిడతారు, కాఫీ లాంటిదమ్మా, మానలేను," అన్నారు. ఆ మర్నాడు నేను లెక్క చూడటం మానేసి భుజాలే చూశా. నిజమే.

పేరు రాయొద్దన్నారు. ప్రభుత్వ టీచర్లు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉందట. రూపాయి తీసుకోకపోయినా ఎవరో ఒకరు పిటిషన్ పెడతారని భయం. ఉచితంగా చదువు చెప్పినాయన దాక్కోవాలా? డబ్బు ముట్టలేదు, చొక్కా కుట్టిస్తానన్నా వద్దన్నారు. పలక పెట్టుకోవడానికి గుడ్డసంచి కుట్టి పంపితే అదొక్కటి తీసుకున్నారు. లోపల జేబు కూడా పెట్టా సార్, బలపాలకి.

మా ఆయన బెంగుళూరు నుంచి ఫీజు డబ్బులు పంపాడు, అత్త నెలంతా వంట చూసుకుంది. వాళ్ళకి థాంక్స్ చెబితే నవ్వుతారు.

పాప ఇంటర్‌లో సీఈసీకి, అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ గ్రూపుకి పెట్టింది. అందులో అకౌంట్స్ ఉంటాయంట గదే అంటే, "ఉంటే ఉండనీ, మడుచుకుంటాలే," అంది.

అయ్యో, కండక్టర్‌ని మర్చిపోయా. ఆ సాయంత్రం లైటు వేసి, "పలక కనపడుతోందా సార్" అని అడిగి వెళ్ళాడు. మోడల్ పేపర్లకి సగం డబ్బులే తీసుకున్న జిరాక్స్ షాపు అబ్బాయి. మూడోసారి వెళ్ళినప్పుడు భోజనానికి లేవకుండా కూర్చుని ఫీజు కట్టించిన మేడం. గైడు ఇచ్చిన పాప స్నేహితురాలు. ఇంకా వెనకింటి పిన్ని, ఆమెనెట్టా మర్చిపోయాను! సిగ్నల్ వాళ్ళ మిద్దె మీదే వచ్చేది. రోజూ ఏడయ్యేసరికి ఆరబెట్టిన వడియాలు ఒక పక్కకి జరిపి చాప వేసి ఉంచేది. ఒకరోజు కరెంటు పోతే చీకట్లో పాప సగం వడియాలు తొక్కేసింది. పిన్ని చూసి, "నువ్వు చదువుకోమ్మా," అని వాటిని ఎత్తి లోపలికి పట్టుకెళ్ళింది.