పచ్చ గోడలు సరే, పైకప్పుల సంగతేమిటి?

సంపాదకుడికి,

కొత్త భవనాల ముఖాన మొక్కలతో కప్పిన పచ్చని గోడలు, ఫ్లైఓవర్ స్తంభాలకు మొక్కల కుండీలు చాలా నగరాల్లో కనబడుతున్నాయి. కంటికి ఇంపుగానే ఉంటాయి. కానీ పర్యావరణానికి ఒరిగేదెంత అని లెక్క తీస్తే, వీధిలోంచి ఎవరికీ కనబడని, మట్టి పోసి మొక్కలు పెంచిన పైకప్పుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

కాంక్రీటు స్లాబు పగలంతా మింగిన ఎండను రాత్రంతా వదులుతుంది. దాని మీద తడి మట్టీ మొక్కలూ ఉంటే ఆ వేడిలో మంచి వాటా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఒక్క లీటరు ఆవిరి కావాలంటే సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. తెల్ల రంగు పూస్తే చాలదా అంటారు. ఎండ వరకు చాలుతుంది, పైగా చవక. కానీ రంగు వానను ఆపదు. చదరపు మీటరు మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే 25 లీటర్ల నీళ్లు. పది సెంటీమీటర్ల తేలికపాటి మట్టి, పొడిగా ఉన్నప్పుడైతే, అందులో చాలా భాగాన్ని పట్టి ఉంచుతుంది. మిగిలింది నెమ్మదిగా కాలువలోకి వెళ్తుంది. ముసురు పట్టి మట్టి నానిపోయాక మాత్రం అంత ఆశ పెట్టుకోకూడదు.

గోడల్లోనూ తేడా ఉంది. నేలలో వేరూని పైకి పాకే తీగకు పెద్ద ఖర్చు లేదు. గోడకు బిగించిన పలకల్లో గుచ్చిన మొక్కలకు పంపు, ఎరువు, మనిషి కావాలి. నడివేసవిలో పంపు ఆగితే కొద్ది రోజుల్లోనే అంతా ఎండుగడ్డి.

అలాగని ప్రతి పాత డాబా మీదా మట్టి పోయమనడం లేదు. నీళ్లు తాగిన పది సెంటీమీటర్ల తేలికపాటి మట్టే చదరపు మీటరుకు 100 నుంచి 150 కిలోలు తూగుతుంది. స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజినీరు తేల్చాలి. వాటర్‌ప్రూఫింగ్, దాని మీద వేళ్లను అడ్డుకునే పొర, నీళ్లు పోయే దారి లేకుండా మొదలుపెడితే లీకేజీ ఖాయం.

కొత్త కట్టడాలకు ఈ ఇబ్బంది లేదు, బరువు డిజైన్‌లోనే కలుపుకోవచ్చు. కెనడాలోని టొరంటో నగరం 2009లోనే నిబంధన చేసింది: 2,000 చదరపు మీటర్లు మించిన కొత్త భవనాలు, పరిమాణాన్ని బట్టి, కప్పు మీద వీలున్న జాగాలో 20 నుంచి 60 శాతం పచ్చగా ఉంచాలి.

ప్లానులో ఆకుపచ్చ రంగు వేసినందుకే రాయితీలు ఇవ్వకండని నగర పాలక సంస్థలను కోరుతున్నాను. భవనం పూర్తయ్యాక అధికారులు మట్టి లోతు కొలవాలి. రెండు వేసవులు గడిచాక మళ్లీ మెట్లెక్కి చూడాలి. మొక్కలు లేకపోతే ఇచ్చిన రాయితీ వసూలు చేయాలి.

– ఒక పాఠకుడు