కొత్త బ్యారెల్ ఇప్పుడే వద్దు తల్లీ

కావలి

అమ్మలూ,

నువ్వు పంపిన టార్గెట్ కాగితాల ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. పక్కలకి నీ గుళ్ళు ముద్దగానే పడతా ఉన్నాయి. నిలువునా మాత్రం సాగుతున్నాయి, అదీ మొదట్లో కాదు, కొన్ని కాల్చి బ్యారెల్ వెచ్చబడ్డాక. పక్క లేన్‌లో వాళ్ళు "చవక రైఫిల్ కదా, బ్యారెల్ మార్చెయ్" అన్నారని రాశావు. ఇప్పుడే మార్చొద్దు. నీ సీజెడ్ 457 బ్యారెల్ మంచిదే. అన్షుట్జ్, వాల్తర్ అనే పేరున్న రైఫిళ్ళు రెండూ జర్మనీలో ఉల్మ్ నుంచి వచ్చేవి, వాటి గొప్ప వాటిదే. కానీ నీ కాగితం మీద కనిపిస్తున్న రోగం బ్యారెల్‌ది కాదని సైన్యంలో ఆయుధాలూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు మరమ్మతు చేసేవాడిగా పనిచేసిన మీ నాయనగా గట్టిగా చెప్పగలను.

ముందు లెక్క చూడు. 50 మీటర్ల టార్గెట్‌లో పది గీత, అంటే పది పాయింట్లిచ్చే నడిమి వలయం, వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మన గుండు 5.6. అంచు తగిలినా పదే కాబట్టి, గుండు మధ్యభాగం టార్గెట్ నడిబొడ్డు నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. అంటే 16 మిల్లీమీటర్ల వెడల్పులో ముద్దగా కొట్టే రైఫిల్ నీకు పదులే ఇస్తుంది. ఆ పాటి పని నీ రైఫిల్ సర్దితే చేస్తుంది. ఆ తర్వాత పదిని కూడా దశాంశాల్లో లెక్కపెట్టే చోట 10.5 నుంచి 10.9 మధ్య పోరాటం మొదలైనప్పుడు బ్యారెల్ సంగతి మాట్లాడుకుందాం.

అసలు చిక్కు కర్రలో, అంటే బ్యారెల్‌ని పట్టుకుని ఉండే చెక్క స్టాకులో ఉందని నా అనుమానం. నువ్వు దసరాకి వచ్చి వర్షాలు ముదిరేదాకా ఇక్కడే ఉన్నావు. మన నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, పైగా సముద్రపు గాలి. ఆ రోజుల్లో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. హైదరాబాదు ఎండకి అదే కర్ర ఎండి ముడుచుకుంటుంది, ముడుచుకునేటప్పుడు ఒక పక్కకి వంగుతుంది కూడా. ఫ్యాక్టరీలో బ్యారెల్‌కీ స్టాకుకీ మధ్య ఎడం ఇచ్చే పంపుతారు. కర్ర వంగితే ఆ ఎడం ఎక్కడో ఒకచోట మూసుకుపోతుంది. కాల్చినప్పుడు బ్యారెల్ తీగలా అదురుతుంది, ప్రతిసారీ ఒకే రకంగా అదిరితేనే గుండు ఒకేచోటికి పోతుంది. కర్ర తగిలితే ఆ అదురు మారుతుంది. వేడెక్కి బ్యారెల్ సాగినకొద్దీ కర్ర ఒత్తిడి ఇంకా మారుతుంది. నీ గుళ్ళు పైకి పాకేది అందుకే అయ్యుంటుంది.

పరీక్ష సులువు. వెనక మూసే ఇనుప బోల్టు తీసి, తూటా కూర్చునే చాంబరు ఖాళీగా ఉందని కంటితో చూసి వేలితో తడిమి, తర్వాత ఒక పది రూపాయల నోటు బ్యారెల్ కిందుగా, స్టాకు మొన దగ్గర దూర్చి యాక్షన్ వైపు, అంటే బోల్టు కదిలే ఇనుప భాగం వైపు లాక్కుంటూ రా. నోటు ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు. నాకు తెలిసి ఎడమ పక్కనే, నువ్వు చేతికి బిగించుకునే స్లింగు పట్టీ కొక్కెం పైన ఆగుతుంది, ఎందుకంటే నువ్వు పడుకుని కాల్చేటప్పుడు స్లింగు లాగుడంతా అటే. స్లింగు బిగించి, స్నేహితురాలి చేత నోటు లాగించి ఇంకోసారి చూడు. వట్టిగా ఉన్నప్పుడు ఆడిన నోటు స్లింగు బిగించగానే ఇరుక్కుంటే దొంగ దొరికినట్టే. గీత పెట్టిన చోట, గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి నెమ్మదిగా అరగదీయాలి. రెండు నోట్లు కలిపి దూరేంత ఎడం చాలు. అయ్యాక లోపలి పచ్చి కర్రకి వార్నిష్ పలచగా రెండు పూతలు వెయ్యి. బయట మెరుస్తుంది కదా అని లోపల వదిలేస్తే తేమ అక్కడి నుంచే దిగుతుంది.

తర్వాత యాక్షన్‌ని స్టాకుకి బిగించే రెండు స్క్రూలు. చేతి అంచనాతో బిగించొద్దు. టార్క్ డ్రైవర్ ఒకటి కొను, నీ డబ్బు దాని మీద పెట్టు. 2 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టి, ముందు స్క్రూ బిగించి, తర్వాత వెనకది. అయిదేసి గుళ్ళ గ్రూపులు తీసుకుంటూ కొద్దికొద్దిగా పెంచి చూడు. కర్ర స్టాకుకి బలం ఎక్కువైతే కర్రే నలిగిపోతుంది. ఏ బిగువు దగ్గర గ్రూపు ముడుచుకుందో అది రాసిపెట్టుకో. ఒకసారికి ఒక్కటే మార్చాలి తల్లీ. స్క్రూ, తూటా, భుజానికి ఆనే బట్టు పొడవు మూడూ ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

యాక్షన్ కింద ఎపాక్సీ పోసి కూర్చోబెట్టే బెడ్డింగ్ పని మాత్రం లైసెన్సున్న గన్‌స్మిత్ చేతే చేయించు. ఆర్మరర్‌నైనా నేను కూడా ఇంట్లో ఆ పని పెట్టుకోను. ఇంకొకటి, బ్యారెల్ కురచ చేయడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా అది నేరం.

ట్రిగ్గర్ గురించి నాకు ఎక్కువ భయం. మన 50 మీటర్ల రైఫిల్‌కి ట్రిగ్గర్ బరువు ఇంతకి తగ్గకూడదన్న నియమం లేదు, అందుకే పిల్లలు స్ప్రింగులు కోసి పల్చన చేసుకుంటున్నారు. నువ్వు కోయొద్దు. బరువు సర్దుకునే స్క్రూ కంపెనీవాళ్ళే ఇచ్చారు, దాని హద్దులోనే ఉండు. నీకు కావాల్సింది తేలికదనం కన్నా ఎక్కడా గరగరలాడకుండా ఒక్కసారిగా తెగడం. సర్దిన ప్రతిసారీ, ఖాళీ రైఫిల్ బోల్టు మూసి, బట్టుని రబ్బరు చాప మీద గట్టిగా తట్టి చూడు. తూటాని కొట్టే పిన్ను దానంతటదే జారిందంటే ట్రిగ్గర్ మరీ పల్చనైనట్టే. మళ్ళీ బరువు పెంచేదాకా ఆ రైఫిల్‌లో తూటా పెట్టడానికి వీల్లేదు.

ఇక నీ ఒంటికి కుదరడం. ఇది లేకుండా పైవన్నీ చేసినా దండగే. మ్యాట్ మీద పడుకుని స్లింగు వేసి, కళ్ళు మూసుకుని రెండు ఊపిరులు తీసి తెరువు. సైటు టార్గెట్‌కి పక్కన ఉంటే భుజంతో నెట్టొద్దు, ఎడమ మోచేతిని అక్కడే ఉంచి నడుముని జరుపు. కన్ను సైటు రంధ్రానికి నడిమధ్యలో రావాలంటే నువ్వు మెడ ఎత్తాల్సి వస్తోందని మీ కోచ్ చెప్పారన్నావు. దానికి చెంప కింద కర్ర ముక్క ఒకటి కావాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒకాయనకి చెప్పి నర్ది కర్రలో చెక్కిస్తున్నాను. పూర్తిగా ఆరిన కర్రే కావాలని ముందే అడిగాను. స్టాకుకి మేకు కొట్టకుండా, తోలు పట్టీతో కట్టుకునేలా ఉంటుంది. మందం ఎక్కువే ఉంచమన్నాను, నీ చెంప దగ్గర నువ్వే అరగదీసుకో.

మిగిలింది తూటాలు. డబ్బు మిగిలితే వీటికి పెట్టు. ఒక తూటాకీ ఇంకొక తూటాకీ వేగంలో సెకనుకి 10 మీటర్ల తేడా ఉంటే, 50 మీటర్ల దగ్గర దాదాపు 7 మిల్లీమీటర్లు ఎత్తు మారుతుంది. ఇందాక చెప్పిన 16 మిల్లీమీటర్లలో దాదాపు సగం దానికే పోతుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, అయినా లాటు, అంటే ఒక విడతలో తయారైన సరుకు, మారితే రైఫిల్ ఇష్టం మారుతుంది. రెండు మూడు లాట్లు ఒక్కో పెట్టె తెచ్చి, ఒకే సంచి మీద రైఫిల్ పెట్టి, గాలి నిమ్మళంగా ఉండే పొద్దున పూటే కాల్చి చూడు. నచ్చిన లాటు దొరికితే సీజనుకి సరిపడా అదే కొను. బ్యారెల్ తుడిచేటప్పుడు చిందీ గుడ్డ చాంబరు వైపు నుంచే పోవాలి. గుండు బయటికొచ్చే మూతి వైపు నుంచి రాడ్డు తోస్తే మూతి అంచు అరిగిపోతుంది, అది అరిగిందా ఇంక ఏ సర్దుబాటూ పనిచేయదు.

2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కంచు పతకం తెచ్చినప్పుడు నువ్వు ఫోన్ చేసి ఎంత ఎగిరావో గుర్తుంది. నువ్వూ ఆ పోటీకే పోవాలనుకుంటున్నావు కాబట్టి చెప్తున్నా. అందులో పడుకుని కాల్చే 20 గుళ్ళలో మంచి షూటర్లు పాయింట్లు పెద్దగా పోగొట్టుకోరు. అక్కడ నీ పదులు ఖాయం కావాలి, మోకాలి మీదా నిలబడీ ఆడుకునే ధైర్యం దాని మీదే వస్తుంది. అందుకే నాకీ తాపత్రయం.

చెక్క ముక్క వచ్చే వారం బస్సులో పంపుతాను, మీ అమ్మ పెట్టే పచ్చడి సీసాలతో కలిపి. నోటు ఎక్కడ ఆగిందో ఫోటో తీసి పంపు. ఈసారి కాగితాల మీద తేదీ, స్క్రూ బిగువు, తూటా లాటు నంబరు మూలన రాసి మరీ పంపు, లేకపోతే నేను చూసి చెప్పగలిగేది సగమే.

మీ నాయన