2025 వార్షిక నివేదిక: పండగలు, లెక్కలు, పీహెచ్‌డీ డబ్బుల వేట

పారిస్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పండగల సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఉగాది మార్చి 30, ఆదివారం చేసుకున్నాం. సరిగ్గా ఆ తెల్లవారుజామునే ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిగాయి. దాంతో సగం మంది పంచాంగ శ్రవణం అయిపోయాక వచ్చి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగారు. పచ్చడికి మామిడికాయ పారిస్‌లో మనవాళ్ల సరుకులు దొరికే లా షపెల్ కొట్లలో దొరికింది, వేపపూత మాత్రం ఎప్పటిలాగే లేదు. బతుకమ్మను తంగేడు లేకుండా బంతి, చామంతులతోనే పేర్చాం. చందా కట్టనివాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎవరో వాళ్లకే తెలుసు.

ఈ ఏడాది కార్యవర్గం టైమంతా తినేసింది పీహెచ్‌డీ సాయం పనే. మన ఊళ్ల నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఫ్రాన్స్‌లో పీహెచ్‌డీ స్కాలర్‌షిప్‌కి ఎక్కడ అప్లై చేయాలి?" ఆ ప్రశ్నలోనే తేడా ఉంది. ఇక్కడ పీహెచ్‌డీ అంటే ముఖ్యంగా ఉద్యోగం. 2009లో వచ్చిన డాక్టోరల్ కాంట్రాక్ట్ పద్ధతిలో యూనివర్సిటీయో, పరిశోధనా సంస్థో మూడేళ్లకు ఉద్యోగంలోకి తీసుకుంటుంది. కనీస జీతం 2025లో నెలకు 2,200 యూరోలు, 2026 జనవరి నుంచి 2,300. ఇది కోతలకు ముందు లెక్క, చేతికి వచ్చేది అందులో సుమారు అయిదో వంతు తక్కువ. అంటే వెతకాల్సింది స్కాలర్‌షిప్ ఫారం కాదు, ఖాళీ ఉన్న పోస్టు. దానికంటే ముందు, మనల్ని తీసుకుంటానని ఒప్పుకునే గైడ్.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా వంటింటి బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. వరంగల్ నుంచి ఒక అబ్బాయి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఎంటెక్‌లో బ్యాటరీల మీద పనిచేశాడు, మంచి పని. కానీ ఒకే మెయిల్‌ని కాపీ కొట్టి 80 మంది ప్రొఫెసర్లకు పంపాడు, ఒక్క జవాబూ లేదు. మెయిల్ తెరిస్తే "రెస్పెక్టెడ్ సర్" అని మొదలు, ఆ పైన "మీ ప్రతిష్ఠాత్మక సంస్థ"లో చేరాలన్న చిన్ననాటి కోరిక. నా పక్కనున్న సభ్యురాలు జాబితా చూసి, "బాబూ, ఈ సర్‌లలో పాతికమంది ఆడవాళ్లు" అంది. ఆ మెయిల్ పక్కన పడేశాం. ఒక్క ల్యాబ్‌ని ఎంచుకుని, వాళ్ల పేపర్ ఒకటి అతని చేత చదివించాం. ఆ పేపర్‌లో అతనికి అర్థం కాని ఒక గ్రాఫ్ గురించి ఒక ప్రశ్న, అతని థీసిస్‌లో దానికి దగ్గరగా ఉన్న ఒక ఫలితం, అంతే. మొత్తం తొమ్మిది లైన్లు. నాలుగో రోజు జవాబు వచ్చింది: నా దగ్గర డబ్బు లేదు, కానీ పక్క టీమ్‌కి ఏఎన్ఆర్ (పరిశోధనలకు డబ్బిచ్చే ఫ్రాన్స్ జాతీయ సంస్థ) ప్రాజెక్టు వచ్చింది, వాళ్లకు రాయండి అని. ఆ పక్క టీమ్‌లోనే ఇప్పుడతను పనిచేస్తున్నాడు.

అక్టోబరులో చేరాల్సినవాడు డిసెంబరులో చేరాడు, దాని కథ వేరు. ఆ ల్యాబ్ జెడ్‌ఆర్‌ఆర్, అంటే ప్రవేశం మీద ఆంక్షలున్న జోన్. అలాంటి చోట చేరాలంటే ముందు భద్రతాపరమైన అనుమతి రావాలి. దానికి రెండు నెలల దాకా పడుతుంది. ఆ తర్వాతే యూనివర్సిటీ ఇచ్చే ఆతిథ్య ఒప్పందం, దాన్ని పట్టుకుని వీసా. యూనివర్సిటీ ఆఫీసులో (పేరెందుకులెండి) ఆ ఫైలు ఆగస్టంతా నిద్రపోయింది. అబ్బాయి టెన్షన్‌తో రోజూ మెసేజ్ పెట్టేవాడు. ఆగస్టులో ఇక్కడ ఆఫీసుల్లో మనిషి కనపడడు, అది మనకు తెలుసు కానీ అతనికి ముందుగా చెప్పలేదు.

మా తప్పు ఇంకొకటి కూడా ఉంది. డాక్టోరల్ స్కూళ్ల (యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ వ్యవహారాలు చూసే విభాగాల) ఇంటర్వ్యూలన్నీ మే, జూన్‌లలోనే కాబట్టి తొందరేం లేదని గ్రూపులో మేమే రాశాం. ఇంటర్వ్యూలు అప్పుడే కావచ్చు, దరఖాస్తుల గడువు మాత్రం ఒక్కో స్కూల్‌కి ఒక్కోలా ఉంటుంది. గుంటూరు అమ్మాయి ఒకరు మా మాట నమ్మి, ఏప్రిల్ మధ్యలోనే ముగిసిన గడువు దాటించుకుంది. ఆమెకు కార్యవర్గం తరఫున క్షమాపణ చెప్పాం, ఇక్కడా చెబుతున్నాం.

యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ నెట్‌వర్క్ పోస్టులకు జీతం బాగుంటుంది. కానీ గడిచిన 36 నెలల్లో 12 నెలలకు మించి ఏ దేశంలో ఉన్నామో ఆ దేశంలోని పోస్టుకు అర్హత ఉండదు. పారిస్‌లో మాస్టర్స్ రెండేళ్లు చేసిన మన సభ్యురాలికి ఈ నిబంధన అప్లై చేసే ముందు రోజు తెలిసింది. చివరికి బెల్జియంలో పోస్టు వచ్చింది. సంఘం చందాదారు ఒకరు తగ్గారు.

కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్లు సిఫ్ర్ (కంపెనీ ఉద్యోగంలో ఉంటూ చేసే పీహెచ్‌డీ) గురించి మేనేజర్‌ని అడగండి. 1981 నుంచి నడుస్తున్న పథకం ఇది. కంపెనీ మిమ్మల్ని మూడేళ్లు ఉద్యోగంలో పెట్టుకుంటే, ప్రభుత్వం తరఫున ఏఎన్‌ఆర్‌టీ అనే సంస్థ ఆ కంపెనీకి ఏటా 14,000 యూరోలు ఇస్తుంది. ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చేయొచ్చు. ఈ సంగతి తెలియని చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి, కాబట్టి చెప్పాల్సింది మీరే. ఫ్రెంచ్ ప్రభుత్వం ఇచ్చే ఐఫెల్ స్కాలర్‌షిప్‌కి మాత్రం మీరు నేరుగా అప్లై చేయలేరు, యూనివర్సిటీయే పేరు పంపాలి. పైగా అది మూడేళ్ల థీసిస్ ఖర్చంతా భరించదు. ఇండియాలోనే పీహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు ఇక్కడి ల్యాబ్‌లో పనిచేయాలనుకునేవాళ్లకు రామన్-షర్పాక్ ఫెలోషిప్ ఉంది.

సాహిత్యం, చరిత్ర లాంటి సబ్జెక్టుల్లో కాంట్రాక్టులు తక్కువ, జీతం లేకుండా థీసిస్ రాసేవాళ్లు ఎక్కువ. ఇక్కడ చాలామంది ఫీజు చూసి మోసపోతారు. 2025-26లో పీహెచ్‌డీ ఫీజు 397 యూరోలు, దానిపైన విద్యార్థి జీవన చందా 105. యూరప్ బయటివాళ్లకు 2019లో పెంచిన ఫీజులు పీహెచ్‌డీకి వర్తించవు. ఫీజు చవకే, కానీ బతకడం చవక కాదు. పొలం తాకట్టు పెట్టి మూడేళ్లు పారిస్‌లో గడుపుతానన్న ఒకరిని వద్దని ఆపాం. ఆయనకు కోపం వచ్చింది, గ్రూపులోంచి వెళ్లిపోయారు. అయినా మా మాట మార్చుకోం.

కాంట్రాక్ట్ వచ్చినా మొదటి జీతం పడేలోపు గది అడ్వాన్సు కట్టాలి, ష్యూరిటీ చూపించాలి. ష్యూరిటీకి 30 ఏళ్లలోపువాళ్లు, అద్దెకు హామీగా నిలిచే విజాల్ పథకంలో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అడ్వాన్సుకి సంఘం ఇద్దరికి చేబదులు ఇచ్చింది. ఒకరు తీర్చేశారు, ఇంకొకరు వాయిదాల్లో ఇస్తున్నారు. మిగతా జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు.

వచ్చే ఏడాది మెయిల్ దిద్దే ఆదివారాలను జనవరి నుంచే మొదలుపెడదాం. ల్యాబ్‌లలో పనిచేస్తున్న సభ్యులు కనీసం ఒక్కరోజు కేటాయించండి. ఉగాది మార్చి 19, గురువారం వస్తోంది. తర్వాతి ఆదివారం 22న మునిసిపల్ ఎన్నికల రెండో విడత, హాలు ఇవ్వరు. కాబట్టి 29న చేసుకుంటున్నాం. ఆ రోజు కూడా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ముందే చెప్పాం మరి.