వార్షిక నివేదిక 2024–25: కెర్నల్ పఠన బృందం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమలాపురం కేంద్రంగా నడుస్తున్న మన లినక్స్ వినియోగదారుల సంఘం ఈ ఏడాది తన శక్తినంతా ఒకే పనికి పెట్టింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మూలభాగమైన కెర్నల్, ప్రోగ్రాం ఫైలును మెమరీలోకి ఎలా తెస్తుందో, ఆ కోడునే తెరిచి కలిసి చదివాము. కోనసీమ కళాశాలల విద్యార్థులే ఇందులో ముందు నిలిచారు. వారికి కార్యవర్గం అభినందనలు.

ప్రోగ్రాం నడపమన్న ఆదేశం అందగానే కెర్నల్, ఆ ఫైలులోని మొదటి 256 బైట్లు చదివి అది ఏ రకమో తేల్చుకుంటుంది. మొదట్లో '#!' ఉంటే స్క్రిప్టు లోడర్‌కు, ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాం ఫైళ్ల సాధారణ రూపం) గుర్తు ఉంటే ఈఎల్ఎఫ్ లోడర్‌కు అప్పగిస్తుంది. లోడర్ అంటే ఫైలును మెమరీలోకి ఎక్కించే కోడు. ఇంతవరకు అందరికీ తేలికగానే అర్థమైంది.

మమ్మల్ని ఎక్కువ కాలం నిలబెట్టింది 2015 ఏప్రిల్ నాటి ఒక సవరణ. ప్రోగ్రాం ఫైలులో కోడు, డేటా వేర్వేరు సెగ్మెంట్లుగా ఉంటాయి. ఏ చిరునామాలోనైనా నడిచే పీఐఈ ప్రోగ్రాంల విషయంలో పాత లోడర్ మొదటి సెగ్మెంటుకు సరిపడే ఖాళీ మాత్రమే వెతికి, మిగిలినవాటిని దాని వెంట పరిచేది. మొదటి గది కొలతతోనే స్థలం ఎంచుకుంటే వెనుక గదులు పొరుగువారి దొడ్డిలోకి పోతాయి. అలాగే పెద్ద ప్రోగ్రాం డేటా, స్టాక్ (ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) ప్రాంతంలోకి చొరబడే వీలు ఏర్పడింది. సవరణ చాలా చిన్నది: సెగ్మెంట్లన్నిటి మొత్తం కొలత ముందే లెక్కగట్టి, అంత చోటును ఒకేసారి కేటాయించడం.

పాత లోడర్‌లోని ఆ తప్పును అప్పట్లో భద్రతా లోపంగా గుర్తించకపోవడంతో, ఏళ్ల తరబడి ఒకే కెర్నల్‌తో నడిచే కొన్ని లినక్స్ పంపిణీలకు (డిస్ట్రిబ్యూషన్లకు) ఆ సవరణ చేరలేదు. 2017 సెప్టెంబరులో క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఈ లోపంతోనే సాధారణ వాడుకరి రూట్ అధికారం, అంటే యంత్రంపై పూర్తి అధికారం, పొందగలడని చూపారు. భద్రతా లోపాల అంతర్జాతీయ జాబితాలో సీవీఈ-2017-1000253 అంటే ఇదే. సెంట్‌ఓఎస్ 6 అనే పంపిణీ ఉన్న యంత్రాలు అప్పటికీ ఆ లోపంతోనే నడుస్తున్నాయి. మందు తయారై రెండేళ్లు దాటినా రోగికి అందలేదన్న బాధ ఆ రోజు చర్చలో ప్రతి ఒక్కరిలోనూ కనిపించింది.

అందుకే మధ్యలో కార్యక్రమం మార్చుకున్నాము. రాజోలు, మలికిపురం వైపు పాఠశాలల్లోని కంప్యూటర్లలో ఏ కెర్నల్ ఉందో చూసి, పాతవాటిని నవీకరించడం మొదలుపెట్టాము. గోదావరి పొంగి కాజ్‌వేలు మునిగినప్పుడు లంక గ్రామాలకు వెళ్లలేకపోయాము. నీరు తీశాక ప్యాకేజీలను పెన్‌డ్రైవ్‌లలో తీసుకెళ్లి ఆ పని కొనసాగించాము. అక్కడి ఉపాధ్యాయుల సహకారం లేనిదే ఇది జరిగేది కాదు.

2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నల్‌లోని మరో సవరణనూ చదివాము. సెగ్మెంటుకు ఫైలులో ఉన్న పరిమాణం కంటే మెమరీలో కావలసినది ఎక్కువైతే, ఆ మిగులును సున్నాలతో నింపాలి. ఈ పనిని ఇప్పుడు ప్రతి సెగ్మెంటుకూ ఒకే ఫంక్షన్ చేస్తుంది. కోడు చదవడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదని మా అభిప్రాయం.

జమాఖర్చుల పట్టికను సభ్యులకు విడిగా పంపాము. వచ్చే ఏడాది డైనమిక్ లింకర్‌ను (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను జతచేసే భాగాన్ని) చదువుతాము. లంక గ్రామాల్లో మిగిలిన పాఠశాలలను వేసవి సెలవులు ముగిసేలోగా పూర్తి చేయాలి. వారాంతాల్లో రాగలిగిన సభ్యులు తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

– కార్యదర్శి